మడమ వెనక తాడు తెగితే...

మన ఇళ్ళల్లో 'బెణికింది' అన్న మాట చాలా పెద్ద గొడుగు. మెట్టు తప్పినా బెణికింది, చెప్పు మడత పడినా బెణికింది, తడి బండ మీద జారినా బెణికింది. దానికి వైద్యం కూడా అందరికీ తెలిసిందే. కాస్త బామ్ రాయడం, ఉప్పు కాపడం పెట్టడం, పాత చీర చింపి గట్టిగా కట్టడం, మర్నాడు పొద్దున్నే కుంటుకుంటూ లేచి పాలు పొయ్యి మీద పెట్టుకోవడం. చాలాసార్లు దాంతో సరిపోతుంది కూడా. కానీ ఆ గొడుగు కిందికి ఎంత మాత్రం తీసుకురాకూడని దెబ్బ ఒకటుంది. మడమ వెనక ఉండే లావుపాటి తాడు తెగిపోవడం.

దీనికో విచిత్రమైన గుర్తు ఉంది. ఈ తాడు తెగినవాళ్ళలో చాలామంది చెప్పేది ఒకటే మాట: "వెనక నుంచి ఎవరో తన్నారనుకున్నాను." గిరుక్కున తిరిగి చూస్తారు. వెనక ఎవరూ ఉండరు! ఆటలో ఉన్నవాళ్ళయితే పక్కవాళ్ళ రాకెట్ తగిలిందనుకుంటారు. కొందరికి 'టప్' మని చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ క్షణాన ప్రాణం పోయినంత నొప్పి. తరవాత... ఇదే అసలు మోసం... చాలామందిలో ఆ నొప్పి తగ్గిపోతుంది. పాదం ఈడ్చుకుంటూ నడవగలుగుతారు కూడా. "విరిగితే నడుస్తానా? బెణికుంటుందిలే" అనేస్తారు. ఇంట్లోవాళ్ళూ ఊఁ కొడతారు.

ఇది నరం కాదు

కూర్చున్నచోటే ఓసారి చెయ్యి కిందికి చాపి, మడమకి కాస్త పైన, వెనకవైపు పట్టుకుని చూడండి. రెండు వేళ్ళ మధ్య గట్టి తాడులాంటిది దొరుకుతుంది. పాదం పైకీ కిందికీ ఆడిస్తే అది బిగుసుకోవడం, వదులవడం తెలుస్తుంది. సన్నగా పొడుగ్గా ఉన్న ప్రతిదాన్నీ మనవాళ్ళు 'నరం' అంటారు కాబట్టి దీన్నీ మడమ నరం అనేస్తారు. నిజానికి ఇది నరం కాదు. నరాలు కబుర్లు మోస్తాయి, ఇది బరువు మోస్తుంది. కండని ఎముకకి కట్టి ఉంచే తాడు ఇది. డాక్టర్లు టెండన్ అంటారు. పిల్లల సైన్సు పుస్తకాల్లో స్నాయుబంధం అని ఉంటుంది గానీ ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు కాబట్టి నేను తాడు అనే రాస్తాను.

పిక్కలో ఉండే రెండు పెద్ద కండలు కిందికి దిగుతూ దిగుతూ సన్నబడి, ఒకటై, ఈ తాడుగా మారి మడమ ఎముకకి అతుక్కుంటాయి. పొడవు దాదాపు ఆరంగుళాలు. ఒంట్లో ఉన్న ఇలాంటి తాళ్ళన్నిటిలోకీ లావైనదీ బలమైనదీ ఇదే. పరుగెత్తేటప్పుడు మన బరువుకి ఆరేడు రెట్లు దీని మీద పడుతుంది. అరవై కిలోల మనిషయితే నాలుగు వందల కిలోలన్నమాట! బస్సు కదిలిపోతోందని నాలుగడుగులు పరుగెత్తినా, అటక మీది డబ్బా కోసం మునివేళ్ళ మీద లేచినా, బిందె చంకనెత్తుకుని మెట్లెక్కినా వెనక నుంచి లాగుతున్నది ఇదే.

ఇంత బలమైనది తెగడమేమిటి? మడమ ఎముకకి రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన ఈ తాడుకి రక్తం అందడం మిగతాచోట్ల కంటే తక్కువ. వయసు ముప్ఫై దాటాక లోపలి పోగులు కొద్దికొద్దిగా పాడవుతూ వస్తాయి. మనకేమీ తెలియదు. మా అమ్మమ్మగారింట్లో నూతి చేంతాడు ఇలాగే ఉండేది. పైకి చూస్తే కొత్తదానిలా, లోపల చీకి. ఓ రోజు నిండు బిందెతో సహా లోపలికి. ఈ తాడు కూడా చాలామందిలో సరిగ్గా ఆ రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల మధ్యే తెగుతుంది.

డాక్టర్లు దీన్ని అకిలీస్ టెండన్ అంటారు. అకిలీస్ గ్రీకు పురాణ వీరుడు. వాళ్ళమ్మ పసిబిడ్డగా ఉన్నప్పుడు మడమ పట్టుకుని పాతాళ నదిలో ముంచిందట. ఒళ్ళంతా వజ్రమయ్యింది, అమ్మ చెయ్యి అడ్డొచ్చిన మడమ తప్ప. చివరికి బాణం అక్కడే తగిలింది. గాంధారి చూపు సోకని దుర్యోధనుడి తొడ కథ విని పెరిగిన మనకి ఇదేం కొత్త కాదు. రెండు కథల్లోనూ అమ్మదే తప్పన్నట్టు చెప్పడం మాత్రం నాకు నచ్చదు. సరే, 1693లో ఈ తాడుకి ఆ పేరు పెట్టినాయన ఫిలిప్ వెర్‌హేయెన్ అనే శరీర శాస్త్రవేత్త. మతగురువు కావాలని చదువుకుంటూ, జబ్బు చేసి కాలు తీసేస్తే, వైద్యం వైపు వచ్చినవాడు. కాలు పోగొట్టుకున్న మనిషే కాలి తాడుకి పేరు పెట్టాడు!

ఆటగాళ్ళకే కాదు

ఇది పేరు మోసిన ఆటగాళ్ళకి వచ్చే దెబ్బ అని ఒక అపోహ ఉంది. పేపర్లో వాళ్ళ పేర్లే పడతాయి కాబట్టి అలా అనిపిస్తుంది. ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్‌కి 2010 మార్చిలో ఇటలీలో ఆడుతుండగా ఎడమ కాలి తాడు తెగింది. మర్నాడే ఫిన్లండ్ తీసుకువెళ్ళి ఆపరేషన్ చేయించినా ఆ జూన్‌లో జరిగిన ప్రపంచ కప్ అందలేదు. అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి బ్రియానా స్టువర్ట్‌కి 2019 ఏప్రిల్‌లో కుడి కాలికి ఇదే అయింది. ఆ ఏడాది స్వదేశంలో సీజన్ మొత్తం పోయింది. 2020లో తిరిగొచ్చి జట్టుకి టైటిల్ తెచ్చింది, ఫైనల్స్‌లో ఉత్తమ క్రీడాకారిణి కూడా అయింది. టోక్యో ఒలింపిక్స్ బంగారు పతకం ఆ తరవాతి మాట.

కానీ ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇలాంటివాళ్ళు కారు. ముప్ఫైకీ యాభైకీ మధ్య వయసులో, వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం మాత్రం ఇరవయ్యేళ్ళ వాళ్ళలా ఆడబోయే మామూలు మనుషులు. డెన్మార్క్ దేశంలో ఏళ్ళ తరబడి లెక్క రాశారు. 1994లో ప్రతి లక్షమందిలో దాదాపు 27 మందికి, 2013 నాటికి 31 మందికి ఈ తాడు తెగింది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం యాభై దాటినవాళ్ళదే. ఆడవాళ్ళ కంటే మగవాళ్ళలో సుమారు మూడు రెట్లు ఎక్కువ. లక్షకి ముప్ఫై అంటే తక్కువే కదా అనిపించవచ్చు. మూడు లక్షల జనం ఉన్న ఒక ఊరికి ఆ లెక్క వేసి చూడండి, ఏడాదికి తొంభై మంది. నాలుగు రోజులకొకరు!

అక్కడి దేశాల్లో ఈ తాడుని ఎక్కువగా తెంపే ఆటల్లో బ్యాడ్మింటన్ ఒకటి. ముందుకు దూకి, చటుక్కున ఆగి, మళ్ళీ వెనక్కి తన్నుకోవాలి కదా. మన దగ్గర ప్రతి కాలనీలోనూ పొద్దున్నే షటిల్ ఆడే ఆడవాళ్ళున్నారు. నాకు చాలా సంతోషమైన విషయం అది. అయితే వంటిల్లు సర్దుకుని, గబగబా వచ్చి, హవాయి చెప్పులు పక్కన విడిచి, ఒట్టి కాళ్ళతో మొదటి బంతికే ఎగరడం చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది.

ఇక మన ఇళ్ళకే ప్రత్యేకమైన కారణాలు రెండున్నాయి. ఒకటి, పింగాణీ బేసిన్. కింద కూర్చునే పద్ధతి మరుగుదొడ్లో కాలు జారి గుంటలోకి దిగి, ఆ అంచు మడమ వెనక కత్తిలా కోయడం మన దేశపు ఆసుపత్రుల్లో బాగా తెలిసిన గాయమే. బేసిన్ అంచు పెచ్చు లేచి ఉంటే మరీ ప్రమాదం. రెండోది, సైకిలు వెనక కూర్చున్న పిల్లల మడమ చువ్వల్లో పడడం. ఈ రెంటిలోనూ చిక్కేమిటంటే, రక్తం కారుతుంటుంది కాబట్టి అందరి దృష్టీ చర్మం మీదే ఉంటుంది. పైన నాలుగు కుట్లు వేసి పంపేస్తే లోపల తాడు తెగినట్లే ఉండిపోతుంది. మడమ వెనక ఎంత చిన్న గాయమైనా "లోపల తాడు బాగుందా, చూశారా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి మొహమాటపడొద్దు.

మా తోడికోడలి సంగతి

నేను ఈ విషయం మీద ఇంత చదవడానికి కారణం మా పెద్ద తోడికోడలు. నలభై నాలుగేళ్ళు. బళ్ళో లెక్కలు చెబుతుంది. వాళ్ళ బడి వార్షికోత్సవానికి టీచర్లకి పరుగు పందెం పెట్టారు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని గీత మీద నిలబడింది, విజిల్ ఊదారు, ఒక్క అడుగు ముందుకేసింది. రెండో అడుగు లేదు. "ఎవరే తన్నింది?" అని వెనక్కి చూసిందట. వెనక గోడ ఉంది.

లేవదీసి కూర్చోబెడితే చీలమండ కాస్త ఉబ్బింది. అంతే. అరగంటకి నడిచింది కూడా. ఎక్స్‌రే తీయించారు, ఎముక నిక్షేపంలా ఉంది. ఎక్స్‌రేలో ఈ తాడు కనిపించదు మరి! ఎవరో చెప్తే కట్టు కట్టే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆయన నూనె పెట్టి తోమి, పాదాన్ని నేరుగా పైకి లాగి, వెదురు బద్దలతో కట్టాడు. ఆయన్ని తప్పు పట్టి లాభం లేదు, ఎముకకి ఆయన చేసే పని అదే. కానీ తెగిన తాడుకి కావలసింది దానికి పూర్తిగా తలకిందులు. పాదం కిందికి వంగి ఉండాలి, మునివేళ్ళ మీద నిలబడ్డ నాట్యకత్తె పాదంలా. అప్పుడే తెగిన రెండు కొసలూ దగ్గరికొస్తాయి. పాదాన్ని పైకి లాగి కడితే ఆ కొసలు ఇంకా దూరం జరుగుతాయి.

నెలా పది రోజులు గడిచాయి. వాపు పోయింది, నొప్పి పోయింది. కానీ మెట్లు ఎక్కలేకపోతోంది. బోర్డు మీద పైన రాయడానికి మునివేళ్ళ మీద లేవలేకపోతోంది. అత్తయ్యగారు "నలభై దాటాక ఆ పందేలేమిటమ్మా" అని ఒకసారన్నారు గానీ, కోడలు మెట్ల దగ్గర ఆగి ఆగి ఎక్కడం చూసి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని బావగారి వెంటపడింది కూడా ఆవిడే.

అక్కడి ఎముకల డాక్టరు ఆమెని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, పాదాలు బల్ల అంచు దాటి వేలాడేలా ఉంచి, ముందు బాగున్న కాలి పిక్కని గుప్పిట్లో నొక్కారు. నొక్కగానే పాదం కిందికి కదిలింది. రెండో పిక్క నొక్కారు. పాదం కదల్లేదు. "తాడు తెగిందమ్మా" అన్నారు. పట్టుమని పది సెకన్ల పని! ఎక్స్‌రే అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు. సిమ్మండ్స్ అనే డాక్టరు 1957లో, థాంప్సన్ అనే మరో డాక్టరు 1962లో ఈ పరీక్ష గురించి రాశారు. ఇప్పటికీ ఇదే మొదటి పరీక్ష. అనుమానం ఉంటే అల్ట్రాసౌండో, ఎంఆర్ఐయో తీయిస్తారు.

"మరి పాదం కిందికి వంచగలుగుతున్నాను కదండీ?" అని అడిగిందట మా అక్కయ్య. లెక్కల టీచరు కదా, లెక్క తేలకపోతే వదలదు. వంచగలదు. ఎందుకంటే కాలి వేళ్ళని వంచే కండలు, చీలమండ పక్కల నుంచి వెళ్ళే కండలు కూడా పాదాన్ని కొంచెం కిందికి లాగుతాయి. కూర్చుని వంచడానికి అవి చాలు. మనిషి బరువంతా ఎత్తడానికి చాలవు. డాక్టర్లు కూడా మొదటిసారి చూసినప్పుడు అయిదుగురిలో ఒకరికి ఈ దెబ్బని గుర్తించకపోవడానికి ఇదొక కారణం. దెబ్బ తగిలిన మనిషి ఆ ఒక్క కాలి మునివేళ్ళ మీద నిలబడలేకపోతే, మడమ వెనక తడిమితే తాడు మధ్యలో గుంటలా వేలికి తగిలితే, అది బెణుకు కాదు. ఇంట్లో ఈ రెండూ చూడండి చాలు, పరీక్ష డాక్టరుకి వదిలేయండి.

ఆ మొదటి గంటలో చేయాల్సినది పెద్దగా ఏమీ లేదు, చేయకూడనివే ఎక్కువ. తోమకూడదు, లాగకూడదు, వేడి కాపడం పెట్టకూడదు, "నాలుగడుగులు వేసి చూడు" అనకూడదు. గుడ్డలో మంచుముక్కలు చుట్టి పెట్టి, పాదం కిందికి వాలినట్టే ఉంచి, కాలు మోపకుండా తీసుకెళ్ళాలి.

మందుల షాపు దగ్గర ఒక్క నిమిషం

తాడుని బలహీనపరిచే మందులు కొన్నున్నాయి. మన ఆడవాళ్ళకి ఇది ముఖ్యం. మూత్రంలో మంట, విరేచనాలు, జ్వరం... వీటికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో పేరు చివర 'ఫ్లాక్సాసిన్' అని ఉండేవి చాలా ఉంటాయి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వగైరా. ఇవి వాడినవాళ్ళలో కొద్దిమందికి ఈ తాడు వాయడం, తెగడం జరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లో మందు వివరాల కాగితంలో నల్ల గీతల మధ్య హెచ్చరిక వేయించింది. అరవై దాటినవాళ్ళకి, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్ళకి, మూత్రపిండాలు మార్పిడి చేయించుకున్నవాళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువ. డాక్టరు రాసిస్తే భయపడి మానేయమని కాదు. అవి ప్రాణాలు నిలిపే సందర్భాలున్నాయి. కానీ వాడుతుండగా మడమ వెనక నొప్పి మొదలైతే ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. కీళ్ళవాతానికో ఉబ్బసానికో స్టెరాయిడ్ వాడుతున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, వాళ్ళకి కొత్త యాంటిబయాటిక్ రాసేటప్పుడు ఆ సంగతి గుర్తు చేయాలి. మడమ నొప్పికి ఈ తాడులోకే స్టెరాయిడ్ ఇంజక్షన్ చేయించుకోవడం కూడా మంచిది కాదు.

కొయ్యాలా, అక్కర్లేదా?

ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న ఇదే. నేనూ ఆపరేషన్ ఒక్కటే మార్గం అని వింటూ వచ్చాను. చదివితే సంగతి వేరుగా ఉంది.

దారులు రెండు. ఒకటి, కోసి తెగిన కొసలని కలిపి కుట్టడం. రెండోది, కొయ్యకుండా పాదాన్ని కిందికి వంచి ఉంచి, తాడు తనంతట తాను అతుక్కునేలా చూడటం. పూర్వం ఈ రెండోదానికి నెలల తరబడి పిండికట్టు వేసేవారు. ఇప్పుడు చాలాచోట్ల బూటు లాంటిది తొడుగుతున్నారు. దాంట్లో మడమ కింద రబ్బరు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెడతారు. వారాలు గడిచేకొద్దీ ఒక్కొక్క ముక్క తీసేస్తుంటారు. పాదం కొద్దికొద్దిగా మామూలు స్థితికి వస్తుంది. మొత్తం ఎనిమిది నుంచి పది వారాలు. మొదటి వారాల నుంచే ఆ బూటుతో కాలు మోపి నడవనిస్తారు. బ్రిటన్‌లో 540 మంది మీద పిండికట్టునీ బూటునీ పోల్చి చూసి 2020లో ఫలితాలు ప్రకటించారు. తొమ్మిది నెలలకి రెండు రకాలవాళ్ళూ ఒకేలా కోలుకున్నారు. తాడు మళ్ళీ తెగడం కూడా రెంటిలోనూ నూటికి అయిదారుగురికే.

నార్వేలో ఇంకో పెద్ద పరిశీలన జరిగింది. 2022లో వచ్చింది. అరవై లోపు వయసున్న 500 పైచిలుకు మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి కొయ్యకుండా వైద్యం, ఒక జట్టుకి మామూలు ఆపరేషన్, ఇంకో జట్టుకి చిన్న గాటుతో ఆపరేషన్. ఏడాది తరవాత నడక, పరుగు, నొప్పి అన్నీ చూస్తే మూడు జట్ల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు! తేడా వచ్చింది రెండు విషయాల్లో. కొయ్యనివాళ్ళలో నూటికి ఆరుగురికి తాడు మళ్ళీ తెగింది, కోసినవాళ్ళలో నూటికి ఒకరి కంటే తక్కువమందికే. ఇటు చూస్తే, నరం దెబ్బతిని పాదం పక్క మొద్దుబారడం లాంటివి కొయ్యనివాళ్ళలో నూటికి ఒకరి కంటే తక్కువ, మామూలు ఆపరేషన్ అయినవాళ్ళలో సుమారు ముగ్గురు, చిన్న గాటువాళ్ళలో అయిదుగురు. చిన్న గాటు అనగానే మేలు అనుకుంటాం కదా... లోపల నరం కనిపించకపోవడంతో సూది దానికి తగలడం ఎక్కువట. పైగా మడమ వెనక చర్మం కింద కొవ్వు తక్కువ, పుండు పడితే మానడం కష్టం. షుగరు ఉన్నవాళ్ళకి, పొగ తాగేవాళ్ళకి మరీను.

కాబట్టి షుగరుతో, ఇంటి పని తప్ప పెద్ద ఆటలేవీ లేని యాభై అయిదేళ్ళావిడకి బూటు చాలవచ్చు. వాలీబాల్ ఆడే పాతికేళ్ళ అమ్మాయికి ఆపరేషనే మేలు కావచ్చు. ఇది డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. బేసిన్ అంచుకో గాజుకో కోసుకున్న గాయమైతే మాత్రం తప్పకుండా శుభ్రం చేసి కుట్టాల్సిందే. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. కొయ్యకుండా బాగుచేసే ఆ అవకాశం ఉండేది వెంటనే వెళ్ళినవాళ్ళకే. మొదటి రెండు వారాల్లోపే పాదం వంచి కట్టాలి. ఎంత ముందైతే అంత మంచిది.

మా తోడికోడలికి ఆ అవకాశం దాటిపోయింది. నాలుగు, అయిదు వారాలు దాటితే పిక్క కండ పైకి లాక్కుపోతుంది, మధ్యలో పనికిరాని మచ్చలాంటి కండ పెరుగుతుంది. కొసలు కలిపి కుడదామంటే అందవు. అందుకని ఆమెకి బొటనవేలిని వంచే తాడుని పక్క నుంచి తెచ్చి మడమ ఎముకకి బిగించారు. ఆ తాడు పక్కనే ఉంటుంది, బలమైనది కూడా. దాన్ని తీసేస్తే బొటనవేలి వంపు కాస్త తగ్గుతుంది గానీ నడకలో ఎవరికీ తెలియదు. బాగానే అయింది. కానీ మొదటి రోజే పిక్క నొక్కి చూసి ఉంటే ఒక బూటుతో పోయేదానికి అంత పెద్ద ఆపరేషన్, రెట్టింపు సెలవులు.

మూడు నెలలు మంచం ఎవరిస్తారు?

వైద్యం పుస్తకాల్లో 'కాలు మోపకూడదు' అని ఒక్క ముక్కలో ఉంటుంది. ఇంట్లో దానర్థం ఏమిటో మేం చూశాం. పొయ్యి దగ్గర నిలబడడం లేదు. నీళ్ళు పట్టడం లేదు. మరుగుదొడ్లో కింద కూర్చోవడం అసలే లేదు. మధ్యలో కంత పెట్టిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి బావగారు కొనుక్కొచ్చారు. దానంత గొప్ప వస్తువు ఆ ఇంట్లో మరోటి లేదని అక్కయ్య అనేది. స్నానానికి కట్టు తడవకుండా ప్లాస్టిక్ కవరు, బాత్రూమ్‌లో స్టూలు, కింద జారకుండా రబ్బరు పట్టా. మొదటి వారం చుట్టాలందరూ వచ్చి పలకరించారు. నాలుగో వారానికి "ఇంకా లేవలేదా?" అని అడిగారు. అదే కాలు విరిగి రాడ్ వేస్తే ఎవరూ అలా అడగరు. తాడు తెగడం కంటికి కనిపించదు కదా!

వాళ్ళబ్బాయి పదో తరగతి. ఆ మూడు నెలల్లో అన్నం, పప్పు, రెండు రకాల వేపుళ్ళు నేర్చుకున్నాడు. మంచం మీంచి ఆవిడ కొలతలు చెప్పడం, వాడు "ఎంత ఉప్పు అంటే ఎన్ని గ్రాములమ్మా?" అని అరవడం. నేను వెళ్ళినప్పుడు వాడు పెట్టిన చారు తాగాను. ఫర్వాలేదు.

మంచం మీదున్న రోజుల్లో ఇంకో ప్రమాదం గురించి చాలామందికి తెలియదు. కదలకుండా ఉన్న కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఈ దెబ్బలో అది మామూలు కంటే ఎక్కువ, ఆపరేషన్ అయినా, కాకపోయినా. పిక్క ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, సలుపుతుంటే, లేదా ఊపిరి అందకపోతే, ఛాతీలో నొప్పి వస్తే రాత్రయినా సరే ఆసుపత్రికే. గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇదివరకు ఎప్పుడైనా గడ్డకట్టినవాళ్ళు ఆ సంగతి మొదటి రోజే డాక్టరుకి చెప్పాలి. అవసరమనుకుంటే మందు ఇస్తారు.

బూటో కట్టో విప్పాక అసలు పని మొదలవుతుంది. పిక్క ఎండిపోయి సన్నబడి ఉంటుంది. ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పిన వరసలోనే వెళ్ళాలి. ముందు కూర్చుని మడమ ఎత్తడం, తరవాత వంటింటి గట్టు పట్టుకుని రెండు కాళ్ళ మీద లేవడం, చివరికి ఒక్క కాలి మీద. ఆ చివరిది రావడానికి నెలలు పడుతుంది, కొందరికి పూర్తిగా రాదు కూడా. పరుగులాంటిది ఆరు నెలల దాకా మరిచిపోవాలి, ఆటలకి తొమ్మిది నెలల నుంచి ఏడాది. 'త్వరగా సాగాలి' అని పాదాన్ని ఎవరి చేతా పైకి వంచి లాగించుకోకూడదు. కొత్తగా అతుక్కున్న తాడు సాగితే తెగకపోయినా పొడుగైపోతుంది, పొడుగైన తాడుకి బలం ఉండదు.

మళ్ళీ తెగడం ఎక్కువగా మొదటి మూడు, నాలుగు నెలల్లోనే. కట్టు విప్పి, 'హమ్మయ్య' అనుకుని మామూలుగా తిరగడం మొదలుపెట్టిన రోజుల్లో. తడి నేల మీద జారి, మెట్టు చూసుకోక, గుంటలో కాలు పడి. మా అక్కయ్య ఆ రబ్బరు పట్టాని ఇప్పటికీ బాత్రూమ్‌లోంచి తీయనివ్వదు. ఒక తాడు తెగినవాళ్ళకి రెండో కాలిది తెగే అవకాశం కూడా మిగతావాళ్ళ కంటే ఎక్కువని డాక్టరు చెప్పారు. అందుకని ఇప్పుడు రెండు కాళ్ళకీ రోజూ పొద్దున పది నిమిషాలు గోడకి చేతులు ఆనించి పిక్కలు సాగదీస్తుంది, మెట్టు అంచు మీద నిలబడి మడమ మెల్లగా కిందికి దించుతుంది. పక్కన పాలు పొంగుతున్నా సరే, లెక్క పూర్తయ్యాకే దిగుతుంది.